గుండీలు తీసిన గుడ్డ

ఆ ఇంట్లో తెల్లారగానే మొదలయ్యేది జడల యుద్ధం. చిట్టి పీట మీద కూర్చుంటుంది. వెనకాల నాన్న, నోట్లో క్లిప్పులు, చేతిలో దువ్వెన పెట్టుకుని సేనాపతిలా నిలబడతాడు. రోజూ సేనాపతే ఓడిపోతాడు. పాపిడి ఏనాడూ తిన్నగా రాలేదు.

"మళ్ళీ వంకరే కదా నాన్నా?"

"వంకర కాదే, మలుపు. తిన్నని పాపిడి ఊళ్ళో అందరికీ ఉంటుంది. మలుపున్నది నీకొక్కదానికే."

చిట్టి నవ్వితే బియ్యపు గింజల్లాంటి పాలపళ్ళు కనపడేవి. ఒక్కటీ ఇంకా కదల్లేదు. పక్కింటి పిల్లకి ముందు పన్ను ఊడింది, తనకి ఊడలేదని చిట్టికి పెద్ద దిగులు. రోజూ అద్దం ముందు నిలబడి వేలితో ఊపి చూసుకునేది. గోడకి కొట్టిన మేకుల్లా ఉండేవి అవి.

ఆ ఇంట్లో సంపాదన చిట్టి అమ్మది, వంట ఇతనిది. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఒప్పందం అది. చూసినవాళ్ళు నవ్వారు. నవ్వేవాళ్ళకి పనీపాటా ఉండదని ఇతను సరిపెట్టుకున్నాడు, తనకీ లేదన్న సంగతి మరిచిపోయి. పాపకి ఉగ్గు పెట్టడం దగ్గర్నుంచి గౌనుకి గుండీ కుట్టడం దాకా అన్నీ నేర్చాడు. కిందటి వానల్లో ఆమెకి జ్వరం వచ్చింది. ఆ జ్వరం ఆమెను వెంటబెట్టుకునే పోయింది.

కళ్ళు తుడుచుకునేలోపే బావమరిది దిగాడు. చెడ్డవాడు కాదు. మంచివాడే. అదే వచ్చిన చిక్కు, మంచివాళ్ళతో పోట్లాడటం మహా కష్టం.

"బావా, ఈ నెల దాటేలోపు పని చూసుకున్నావా సరే. లేదా పాపని మా ఇంటికి తీసుకుపోతాను. నువ్వు పస్తుంటే ఉండు. అది ఉండకూడదు."

పని వెతకడానికి ఇతను ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు.

కాపలా పని ఇచ్చే చోట అడిగారు: "రాత్రిళ్ళు మేలుకోగలవా?"

"పసిపిల్లని పెంచానండీ. పడుకోవడమే మరిచిపోయాను."

"చదువు?"

"పాప పుస్తకాలన్నీ పూర్తిచేశాను."

"అనుభవం?"

"జడలు వేస్తాను. పాపిడి మాత్రం..."

"వెళ్ళిరా."

ఎక్కడికెళ్ళినా చివరికి ఆ 'వెళ్ళిరా' దగ్గరే బండి ఆగేది. వెళ్ళమనడంలో ఉన్న గట్టితనం రమ్మనడంలో ఉండేది కాదు. ఈ కథ చెప్పేవాణ్ణి కూడా అలాగే చాలా చోట్ల నుంచి సాగనంపారు కాబట్టి ఇక్కడ కాస్సేపు కూర్చుని ఏడవాలనే ఉంది. కానీ అవతల దెయ్యం కాచుకుని ఉంది.

ఊరి చివర పాత బట్టల షెడ్డు. ఎవరెవరో విడిచేసిన బట్టలు మూటలుగా వచ్చి అక్కడ పడతాయి. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు కత్తెరలతో గుండీలూ జిప్పులూ తెంపేస్తారు. మిగిలిన గుడ్డల్ని గుట్టగా కదిలే పట్టా మీదికి తోస్తారు. పట్టా తీసుకెళ్ళి పళ్ళ చక్రం నోట్లో వేస్తుంది. చక్రం వాటిని చీల్చి, పీకి, పీచు పీచు చేసి అవతలికి ఊస్తుంది. ఆ పీచే పరుపుల్లోకి పోతుంది. ఎంత పెట్టినా ఇంకా తెమ్మని గొణుగుతుంది కాబట్టి ఆ యంత్రానికి అక్కడివాళ్ళు పెట్టిన పేరు 'అత్తగారు'.

మేస్త్రీ ఇనుప కడ్డీ భుజాన వేసుకుని ఇతన్ని ఎగాదిగా చూశాడు.

"పనొచ్చా?"

"గుండీలు కుట్టడం వచ్చండీ."

"ఇక్కడ తెంపాలి."

"కుట్టినవాడికి తెంపడం రాదాండీ?"

మేస్త్రీ నవ్వలేదు. కడ్డీతో బల్ల మీద ఒక్కటి వేశాడు. "ఒకటే మాట. గట్టిది ఏదీ లోపలికి పోకూడదు. గుండీ, హుక్కు, పిన్నీసు, ఏదీ! మెత్తటిదే పోవాలి. గట్టిది తగిలితే అత్తగారు తిరగబడుతుంది. ఇంకోటి, పిల్లల్ని తేకూడదు. తెచ్చావా, పని పోయినట్టే."

అలా పని దొరికింది. షెడ్డులో అతనికి సాయంత్రానికల్లా 'ఇల్లాలు' అని పేరు కూడా పడింది. పక్కన కూర్చునే పెద్దమ్మ బోసినోటితో అడిగింది: "ఏం ఇల్లాలా, ఇవాళేం కూర?" జీతమిచ్చే చోట వెక్కిరింత ఉచితమని అతనూ నవ్వేశాడు.

పెద్దమ్మే ఒకరోజు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"నువ్వు కూర్చున్న చోట కత్తెరమ్మ కూర్చునేది. దాని చేతిలో కత్తెర పక్షిలా ఎగిరేది. పసిదాన్ని వదిలే దిక్కులేక వెంట తెచ్చుకునేది. బట్టల గుట్ట వెచ్చగా ఉంటుందని దాంట్లో పడుకోబెట్టేది. ఓరోజు మేస్త్రీ చూసుకోలేదు. గుట్టని పట్టా మీదికి తోసేశాడు..."

"తర్వాత?"

"తర్వాతేముంది! పిల్లని లాగబోయి అదీ పోయింది. అత్తగారు సగంలో ఆగిపోవడం ఆ ఒక్కసారే చూశాను." పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "లోపల గట్టివి అడ్డం పడ్డాయి నాయనా."

అతని కత్తెర గుడ్డని వదిలి వేలిని కొరికింది.

నెల నిండవస్తోందనగా ఆ మాయదారి రోజు వచ్చింది. బడికి సెలవు. చిట్టిని చూసుకునే పక్కింటి అవ్వకి నడుం పట్టేసింది. పని మానేద్దామంటే బావమరిది మర్నాడే వస్తానని కబురు పంపాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పొద్దున అతనికి బాగా తెలిసొచ్చింది. చిట్టికి ముందు గుండీలున్న ఎర్ర గౌను వేసి, మూటలు దించే గుమ్మంలోంచి లోపలికి తెచ్చి, బల్ల కింద కూర్చోబెట్టాడు.

"బొమ్మలా ఉండాలి. ఉంటావా?"

"బొమ్మకి ఆకలేస్తే?"

"బొమ్మ నోరు మూసుకుంటుంది."

పెద్దమ్మ చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. పెదవులు కదపకుండా అంది: "గుట్టలోకి మాత్రం పోనీకు."

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. రేకుల కప్పు కింద షెడ్డు మసక మసకగా అయిపోయింది. తడి గుడ్డల ముక్కిన వాసన, నూనె వాసన. వాటి అడుగున ఇంకేదో... పాత ఇనుములాంటి, నోట్లో పన్ను ఊడినప్పుడు నాలిక్కి తగిలే రుచిలాంటి వాసన. ఉరిమింది. కరెంటు పోయింది. అత్తగారు మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయింది. అందరూ గాలి కోసం బయట చూరు కిందికి వెళ్ళారు.

ఇదే అదను అనుకుని, డబ్బాలో తెచ్చిన అన్నం తీసి బల్ల కిందికి వంగాడు.

చిట్టి లేదు.

"చిట్టీ..." గుసగుసగా పిలిచాడు.

వాన చప్పుడు. అంతే.

"తల్లీ, ఆట చాలు... రా..."

కచక్.

కత్తెర చప్పుడు. తీరిగ్గా, ఒడుపుగా. కచక్... కచక్...

పెద్దమ్మ అనుకున్నాడు. కిటికీలోంచి చూశాడు. పెద్దమ్మ చూరు కింద వాన చూస్తూ నిలబడి ఉంది. షెడ్డులో ఎవరూ లేరు. ఆ చప్పుడు పట్టా చివర, అత్తగారి నోటి ముందున్న గుట్టలోంచి వస్తోంది.

కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. కానీ తండ్రి కాళ్ళు కదా, అవే ఊడొచ్చి పరుగెత్తాయి. గుట్టలోకి భుజాల దాకా చేతులు దూర్చాడు. చొక్కాలు, లంగాలు, చల్లగా, తడిగా. ఇంకా లోపల... వెచ్చటి చిన్న చెయ్యి! పట్టుకున్నాడు. లాగాడు.

రాలేదు.

అవతల్నుంచి ఎవరో పట్టుకున్నారు.

అతని వేళ్ళకి ఇంకో చెయ్యి తగిలింది. పెద్దవాళ్ళ చెయ్యి. చర్మం లేదు. పీచు. పీచుతో పేనిన చెయ్యి, చిట్టి నడుం చుట్టూ.

"వదులమ్మా..." ఏడుపు గొంతుతో గొణిగాడు. "నీ బిడ్డ కాదు... నాది... నా బిడ్డమ్మా..."

కచక్.

"ఎవడ్రా అక్కడ?" మేస్త్రీ! టార్చి వెలుగు గుట్ట మీద పడింది. ఎర్ర గౌను కనపడింది. "పిల్లనా? పిల్లని తెచ్చావురా!" మేస్త్రీ ఒక్క గెంతులో వచ్చి అతని డొక్కలో తన్నాడు. ఇంకోటి తన్నాడు. మూడో తన్నుకి కాలెత్తి, అలాగే ఆగిపోయాడు.

పట్టా కదిలింది.

కరెంటు లేదు. మోటారు చప్పుడు లేదు. దీపాలు వెలగలేదు. అయినా పట్టా కదిలింది. నోటి లోపల పళ్ళ చక్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

"ఆపండి! ఆపండి అయ్యా!"

"ఆపే ఉందిరా..." మేస్త్రీ గొంతు పసిపిల్లాడి గొంతైపోయింది. "ఆపే ఉంది..."

గుట్ట మొత్తం నోట్లోకి జారుతోంది. చిట్టికి మెలకువ వచ్చింది. కెవ్వుమంది. గౌను అంచు పళ్ళకి చిక్కింది. ఒక్క గుంజు... పిల్ల వెల్లకిలా పడి నోటి వైపు పోయింది. అతను దాని మీదికి దూకాడు. కుడిచేత్తో చంక పట్టుకున్నాడు, ఎడమ చేత్తో గౌను పట్టుకున్నాడు. అటు ఇనుము, ఇటు తండ్రి. గుడ్డ బిగుసుకుంది. పిల్ల కళ్ళు తేలేసింది. ఇక చిరగాల్సింది గుడ్డో, పిల్లో...

గౌను జారిపోయింది.

ముందు గుండీలన్నీ బిగించి వేసిన గౌను. అరటితొక్కలా ఊడి నోట్లోకి పోయింది. చిట్టి అతని కుడిచేతిలో మిగిలింది. ఎడమచెయ్యి గౌనుతోబాటే లోపలికి పోయింది.

ముందు నొప్పి తెలీలేదు. చప్పుడే తెలిసింది, పచ్చి కట్టెలు విరిచినట్టు. తర్వాత వేడి. మొహమంతా వేడిగా, ఉప్పగా, ఎర్రగా. అతని అరుపు అతనికే ఎక్కణ్ణుంచో వినపడింది. పళ్ళు మణికట్టుకి ఎక్కుతున్నాయి... మేస్త్రీ కడ్డీ ఎత్తాడు. గట్టిది ఏదీ పోకూడదని రోజూ అరిచిన మనిషే కళ్ళు మూసుకుని దాన్ని అత్తగారి గొంతులోకి పొడిచాడు.

అత్తగారు తిరగబడింది.

నిప్పులు చిమ్మాయి. కడ్డీ వెనక్కి తన్నింది. మేస్త్రీ దవడ కింద దిగి, అతన్ని నేలమీంచి లేపి, గోడకి విసిరికొట్టింది. మేస్త్రీ గోడమీద ఎర్రటి చార గీసుకుంటూ కిందికి జారాడు. మళ్ళీ లేవలేదు.

చక్రం ఆగింది. అప్పుడు... అప్పుడు వచ్చింది కరెంటు.

ఆసుపత్రిలో పొద్దుగూకే వేళ మెలకువ వచ్చింది. ఎడమచెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి కట్టు, మోచేతి దాకా. మంచం పక్కన పెద్దమ్మ. అతని పక్కనే చిట్టి, అతని చొక్కాలో మునిగిపోయి నిద్రపోతోంది.

"నీ చొక్కాయే తొడిగాను. చలి తగలకుండా మెడ దాకా గుండీలు పెట్టాను," అంది పెద్దమ్మ. "మీ బావమరిది కబురు విని ఇవాళే వచ్చి చూసి ఏడ్చి వెళ్ళాడు. నీ దగ్గర్నుంచి పిల్లని ఎవరూ తీసుకుపోలేరన్నాడు."

అతను నవ్వబోయాడు. పెదవి పగిలింది. "ఒక చేత్తో జడలెలా వేస్తాను పెద్దమ్మా?"

"రెండుచేతులున్నప్పుడు మాత్రం ఏం వేశావు?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మేస్త్రీ పోయాడు. నువ్వూ పిల్లా బతికారంటే ఆ తల్లి చలవే నాయనా. గౌను గుండీలు అదే తెంపింది. తెంపబట్టే గౌను ఊడింది, పిల్ల దక్కింది. కత్తెరమ్మ బిడ్డని పోగొట్టుకున్న తల్లి. ఇంకో బిడ్డని పోనిస్తుందా?"

నిజమే అనిపించింది. ఆ పీచు చెయ్యి గుర్తొచ్చి, మనసులోనే దండం పెట్టుకున్నాడు, ఉన్న చెయ్యీ లేని చెయ్యీ కలిపి. పెద్దమ్మ మంచినీళ్ళు తెస్తానని చెంబు పట్టుకుని వెళ్ళింది.

వార్డులో దీపాలు ఇంకా వెయ్యలేదు. చిట్టి ఒత్తిగిలింది. చొక్కా తెరుచుకుంది.

మెడ దాకా పెట్టిన గుండీలు... లేవు.

ఒక్కటీ లేదు. గుండీ ఉండాల్సిన చోటల్లా దారప్పోగు నున్నగా, కుదురుగా తెగి ఉంది. చేయి తిరిగినవాళ్ళ కోత. పొద్దున జడలకి పెట్టిన క్లిప్పులూ లేవు. జుట్టు మెత్తగా దిండు మీద పరుచుకుని ఉంది.

కాపాడ్డానికే... కాపాడ్డానికే కదా తెంపింది?

ఇక్కడ యంత్రం లేదు. చిక్కుకోవడానికి ఏమీ లేదు. మరి ఇప్పుడెందుకు...

"చిట్టీ," అన్నాడు. ఉన్న చేత్తో దాని భుజం కదిపాడు. "చిట్టీ... లే తల్లీ..."

చిట్టి కళ్ళు తెరిచింది. నాన్నని చూసి నవ్వింది. నోట్లో ముందు వరస మొత్తం ఖాళీ. చిగుళ్ళ మీద ఎర్రటి తడి ఇంకా ఆరలేదు.

"నొప్పెట్టలేదు నాన్నా," అంది బోసినోటితో, గర్వంగా. "మెల్లగా తీసింది. లోపల ఇంకా గట్టివి చాలా ఉన్నాయంట."