మూడో తాళంచెవి

"ఆగరా!"

అల్లుడు ఆగడు. చీకటి సందులో పడి పరుగెడుతున్నాడు.

వెనక మామ. తాళాలు చేసి బతికే మనిషి. ఇన్నేళ్లూ ఆకురాయి పట్టిన చేతిలో ఇవాళ పిస్టల్!

తెచ్చిచ్చింది కొడుకు. పక్కనే పరుగెడుతున్నాడు.

"పొద్దున కోర్టులో విన్నావుగా నాన్నా... బెనిఫిట్ ఆఫ్ డౌటట, అనుమానం మిగిలిందని వదిలేశారు! చెల్లిని చంపి దర్జాగా ఇంటికొచ్చాడు!"

ముసలాయనకి ఊపిరాడటం లేదు. అయినా కాళ్లు ఆగవు.

కూతురి శవం ఇంట్లో దొరికింది. తలుపుకి బయటి నుంచి తాళం. తాళంచెవులు రెండే... ఒకటి ఆమె బ్యాగులో, రెండోది మొగుడి జేబులో. చూసినవాళ్లు ఎవరూ లేరు. కేసంతా ఆ తాళం మీదే నిలబడింది.

ఆ తాళం చేసింది ఈయనే!

"మూడోది లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?" డిఫెన్స్ లాయరు అడిగాడు.

నోరు పెగల్లేదు.

ఏ తాళానికైనా ఒక చెవి ఎక్కువ చేసి షాపులో మేకుకి తగిలించడం ఆయన అలవాటు. కూతురి ఇంటి తాళంచెవి ఉండాల్సిన మేకు మాత్రం ఖాళీగా ఉంది. చెయ్యడం మర్చిపోయానేమోలే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. కోర్టులో ఆ మౌనమే అల్లుణ్ణి విడిపించింది.

అదిగో ఇల్లు! అల్లుడు లోపలికి దూరాడు. తలుపు ధడేల్! లోపల తాళం తిరిగిన చప్పుడు.

"నా తాళం నాకే వేస్తావురా?"

ముసలాయన జేబులోంచి తాళాలు తెరిచే తీగ తీస్తాడు. తీగ జారి కింద పడుతుంది.

"నువ్వు జరుగు నాన్నా!"

కొడుకు వంగుతాడు. క్లిక్!

తలుపు తెరుచుకుంది.

తండ్రి కదలడు. కొడుకు చేతిలోని తాళంచెవినే చూస్తున్నాడు. దాని తల మీద మూడు గాట్లు... తన ఆకురాయి గాట్లే!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తండ్రి పట్టాడు. పట్టకపోయినా బాగుండేది.

"అది... నీకెక్కడిదిరా?"

కొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"దారిలో దొరికిందని చెప్పరా! పోలీసులిచ్చారని చెప్పు! ఏదో ఒకటి చెప్పు నాయనా, నమ్ముతాను..."

బతిమాలుతున్నాడు. ఒక్క అనుమానం... ఒక్కటి మిగిల్చినా చాలు!

"షాపు చెల్లికే ఇస్తానన్నావుగా!" కొడుకు అరుస్తాడు. "పనితనమంతా దాని చేతికే వచ్చిందని నలుగురిలో అన్నావుగా! మరి నేనెవర్ని నాన్నా?"

ముసలాయన చెయ్యి సడలింది.

కొడుకు పిస్టల్ లాక్కున్నాడు!

మెట్ల మీద అల్లుడు... చేతులు పైకెత్తి నిలబడ్డాడు. గురి అతని గుండెకే!

"వీడు పోతే అంతా వీడి మీదే ఉండిపోతుంది!"

"వద్దురా!"

తండ్రి అడ్డంగా దూకాడు.

ఢాం!

పిస్టల్ నేల మీద పడింది. కొడుకు గోడకి అతుక్కుపోయాడు.

అల్లుడు పరుగున వచ్చి మామ తల ఒళ్లో పెట్టుకున్నాడు. "మామయ్యా! నన్ను చంపడానికొచ్చి... ఇదేంటి మామయ్యా!"

"తప్పయిపోయింది అల్లుడూ..."

ముసలాయన కళ్లు మాత్రం కొడుకు మీదే ఉన్నాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఈసారి... కళ్లారా చూసినవాడివి నువ్వున్నావు అల్లుడూ. చూసింది చూసినట్టు చెప్పు."