ఇంజన్ ఆపకు

...అదే పిన్నీ, చెప్తున్నా కదా, నువ్వడిగి ఇన్నాళ్ళయినా చెప్పలేదని కోపం తెచ్చుకోకు. రికార్డు నొక్కడం, రెండు మాటలు మాట్లాడటం, చెరిపెయ్యడం... ఇదే సరిపోయింది నాకు. నోరు రాలేదు. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. తమ్ముడు పనికి వెళ్ళాడు, వాడి పాప బడికెళ్ళింది. సన్న సెగ మీద పాలు పెట్టి వచ్చి గడప మీద కూర్చున్నా. అవి కాగేలోపు చెప్పేస్తా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టు.

మొన్న వచ్చినప్పుడు చూశావు కదా, తమ్ముడు కుర్చీలో వెనక్కి ఆనుకోవడం లేదు. సోఫాలో కూర్చున్నా అంచు మీదే, వచ్చే స్టాపులో దిగిపోయేవాడిలాగ. "నడుం నొప్పా నాయనా?" అని నువ్వడిగావు. వాడు నవ్వి ఊరుకున్నాడు. నడుం నొప్పి కాదు పిన్నీ.

మొదట్నించీ చెప్తా. తమ్ముడు వాళ్ళ కార్ల పందెం అంటే టీవీలో రయ్యిమని దూసుకుపోయేవి అనుకోకు. ఇది మనలాంటి వాళ్ళ పందెం. తుక్కు కొట్టుకి పోవాల్సిన కారుని తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా విప్పి, బిగించి, జట్టుగా ఒకరి తర్వాత ఒకరు నడపాలి. పొద్దున మొదలుపెడితే చీకటి పడ్డాక, పందెం అయిపోయిందని జెండా పడుతుంది. అందరికన్నా ముందు రావడం వీళ్ళ తరమా? జెండా పడేదాకా కారు తిరిగితే చాలు, అదే పదివేలు. ఆ ముచ్చటా ఎప్పుడూ తీరలేదు. ఓసారి రేడియేటరు పేలింది. ఇంకోసారి చక్రం ఊడిపోయి కారుకన్నా ముందు పరిగెత్తింది. "పోనీలే, మనం రాకపోయినా మన చక్రం ముందొచ్చింది" అని మా మరదలు పడీ పడీ నవ్వింది.

జట్టంటే ఎవరనుకున్నావు? ఏసీలు బాగుచేసే మన తమ్ముడు, కార్ల సీట్లు కుట్టే వాడి పెళ్ళాం, టైర్ల కొట్టు బండోడు, పిల్లలకి బొమ్మలెయ్యడం నేర్పే మాస్టారు. ఈ నలుగురూ నడుపుతారు. నేనేమో పందెం దారి పక్కన షెడ్డులో రేడియో పట్టుకుని కూర్చుంటా. కార్లో వాళ్ళతో మాట్లాడాలి కదా. "వదినకి ఉద్యోగం దొరికింది, ఇక మనల్ని నిద్రపోనివ్వదు" అనేది మరదలు. నన్ను వదినా అని పిలిచేది ఈ లోకంలో అదొక్కతే పిన్నీ. మా ఆయనకి తోబుట్టువులు లేరు కదా. పొద్దున లేచింది మొదలు వదినా, వదినా అని నా ప్రాణం తోడేసేది.

ఇప్పుడు అసలు సంగతి. కార్లో సీటు ఒకటే, కూర్చునేవాళ్ళు నలుగురు. బండోడు ఏనుగంత, మరదలు పిడికెడంత. అందుకని అది ఒక్కొక్కరి వీపుకీ ఒక అచ్చు తీసింది. పెద్ద సంచిలో ఏవో రెండు మందులు కలిపి పోసి, దాని మీద మనిషిని కూర్చోబెడితే, అది నురగలా పొంగి, వీపు ఎలా ఉంటే అలా గట్టిపడిపోతుంది. దానికి గుడ్డ తొడిగి కుట్టేది. తమ్ముడిది నీలం, తనది పసుపు. బండోడి అచ్చు చూసి, "దీన్లో నీళ్ళు పోస్తే మా పాపకి ఈత నేర్పొచ్చు" అంది. ఎవరి వంతు వస్తే వాళ్ళ అచ్చు సీట్లో పెట్టాలి, మిగిలినవి షెడ్డు గోడకి వరసగా ఆనించాలి.

ఇంకో పద్ధతి ఉంది. దిగే మనిషే ఎక్కే మనిషికి బెల్టులు కట్టాలి. మరదలు కట్టిందంటే ఎడమ భుజం మీది బెల్టు ఇంకోసారి గట్టిగా లాగి, హెల్మెట్ మీద టక్ టక్ అని కొట్టేది. "ఊపిరాడట్లేదే తల్లీ!" అని తమ్ముడు అరిస్తే, "ఊపిరి కొంచెం తగ్గినా పర్లేదు, మనిషి మిగలాలి" అనేది.

చివరికి మిగలనిది అదే.

వెన్నులో జబ్బు అని నీకు తెలుసు కదా. ఆఖరి రోజుల్లో పడుకోలేకపోయింది. ఎటు తిరిగినా నొప్పి. తమ్ముడే ఆలోచించి ఆ పసుపు అచ్చు తెచ్చి మంచం మీద నిలబెట్టాడు. అందులో వెనక్కి ఆనుకుంటేనే దానికి కాస్త సుఖం. రాత్రీ పగలూ దాన్లోనే. ఒక సాయంత్రం, "కారు స్టార్టు చెయ్యవా, వినాలనుంది" అంది. ఇంటి ముందే ఉంది కారు. వాడు వెళ్తుంటే, "ఆపకు, వింటూ ఉంటా" అంది.

వాడు స్టార్టు చేశాడు. కిటికీలోంచి దాని తల కనిపిస్తోందిట. చాలాసేపు అలా ఉంచాడు. పొగ గదిలోకి వెళ్ళి దగ్గొస్తుందేమో అని ఆపేసి, లోపలికొచ్చాడు. వెనక్కి ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుని దుప్పటి కప్పాడు పిన్నీ... దుప్పటి కప్పాడు.

అప్పట్నించీ వాడిది ఒకటే మాట. "ఇంజన్ నేనే ఆపేశాను అక్కా." ఎంత చెప్పినా అదే. తిండి తింటాడు, పనికెళ్తాడు, పాపకి జడ వేస్తాడు, కానీ మనిషి ఇక్కడ లేడు. పాపకీ తెలిసిపోయింది. "అత్తా, నాన్న కూడా వెళ్ళిపోతాడా?" అని అడిగిందోసారి.

అందుకే ఈసారి పందేనికి వెళ్తానంటే నేనే సరే అన్నాను. ఒక్కసారి జెండా చూస్తే వాడి గుండెలో మంట కాస్త చల్లారుతుందేమో అని. పాపని పక్కింటావిడ దగ్గర వదిలి నేనూ వెళ్ళాను. నాలుగు అచ్చులూ తీసుకొచ్చాడు. పసుపుది కూడా. గోడకి దాని చోట్లో దాన్ని ఆనించి, "చూస్తూ ఉండు" అన్నాడు. బండోడు అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

కారు మాత్రం ఆ రోజు బంగారంలా నడిచింది. మధ్యాహ్నం దాటింది, ఏమీ ఊడలేదు, ఏమీ పేలలేదు. సాయంత్రానికి సన్నగా తుంపర మొదలైంది. చివరి వంతు ఎప్పుడూ మరదలిదే, దెబ్బలాడి మరీ తీసుకునేది. ఈసారి తమ్ముడు తీసుకున్నాడు.

కారు లోపలికొచ్చింది. అందరికీ కంగారు. మాస్టారు తన అచ్చు లాక్కుని దిగీదిగగానే కాలు పట్టేసి అక్కడే కూలబడ్డాడు. బండోడు పెట్రోలు పోస్తున్నాడు. నేను మాస్టారి కాలు పట్టుకుని రుద్దుతున్నా. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. కాలిన బ్రేకుల వాసన, తడి దుమ్ము వాసన. హెల్మెట్‌లోంచి ముందు అద్దం తప్ప ఏమీ కనపడదు. పక్కనించి చేతులొచ్చాయి. బెల్టులు కట్టాయి. నడుం దగ్గర ఒకటి, భుజాలకి రెండు. ఎడమ భుజం మీది బెల్టు ఇంకోసారి గట్టిగా బిగిసింది.

టక్... టక్.

మాస్టారే అనుకున్నాడు వాడు. పోనిచ్చాడు.

మొదటి చుట్టులోనే తెలిసిందిట. వీపు కింద అచ్చు వాడిది కాదు. ఇరుగ్గా ఉంది. రెండు భుజాల ఎముకల మధ్య సన్నగా, ఎత్తుగా తగులుతోంది. కంగారులో ఎవరో పసుపుది పెట్టేశారు అనుకున్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గేరు మార్చాడు. వాన అద్దం మీద టపటపా కొడుతోంది. వైపర్లు కీచుమంటున్నాయి. ముందు కారు ఎర్ర దీపాలు నీళ్ళలో కరిగిపోయినట్టు సాగుతున్నాయి.

తర్వాత వాసన. సీట్ల కొట్టులో వాడే జిగురు వాసన. దాని వెనకే, ఆఖరి రోజుల్లో వీపుకి రాసే నొప్పుల మందు వాసన. ఆ కారు కిటికీకి అద్దం లేదు, జాలీయే కదా, గాలి విసిరి కొడుతోంది. అయినా ఆ వాసన పోలేదు.

తర్వాత... వెచ్చదనం.

అచ్చు అంటే చెప్పాను కదా, రాయిలా గట్టిగా ఉంటుంది. అది కదిలింది. కొంచెం ముందుకి... కొంచెం వెనక్కి. మళ్ళీ ముందుకి. వాడు తన ఊపిరేమో అని బిగబట్టి చూశాడు.

వాడిది ఆగింది. వెనకది ఆగలేదు.

"నువ్వేనా?" అన్నాడు వాడు. మీట నొక్కి ఉందో ఏమో, ఆ మాట నాకు రేడియోలో వినిపించింది. "ఏరా, ఏమన్నావు?" అన్నాను. గరగరా చప్పుడు. ఆ చప్పుడు కింద వాడు గుసగుసలాడుతున్నాడు. నాతో కాదు. ఇంట్లో పాప నిద్రపోయాక గదిలో మాట్లాడుకునేవాళ్ళు చూడు, అలా.

హెల్మెట్ వెనక, చెవి దగ్గర, సన్నగా ఒకే మాట వచ్చిందిట.

"ఆపకు..."

జెండా పడింది పిన్నీ! మా కారు జెండా దాటింది! బండోడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. మాస్టారు కుంటుతూనే గెంతాడు. కార్లన్నీ ఒక్కొక్కటిగా లోపలికొచ్చేస్తున్నాయి. మాది రాలేదు. షెడ్డు ముందునించి దూసుకుపోయింది. మళ్ళీ వచ్చింది... మళ్ళీ పోయింది. ఆ చీకట్లో, వాన్లో, ఆ దారి మొత్తం మీద మాదొక్కటే కారు. పందెం వాళ్ళు టార్చిలైట్లు ఊపుతున్నారు, అరుస్తున్నారు.

నేను రేడియో నొక్కాను. "జెండా పడింది రా. వచ్చెయ్."

ఇంకో చుట్టు తిరిగాక పలికాడు. "ఇంజన్ ఆపమంటావా అక్కా?"

"ఆపాలి కదరా."

"ఆపితే ఇది పోతుంది."

బండోడు నా మొహం చూసి, "ఏమంటున్నాడక్కా?" అన్నాడు. నేను మళ్ళీ మీట నొక్కాను.

"రోడ్డు తడిగా ఉంది రా. పెట్రోలు ఎంతుందో ఏమో. పాప ఎదురుచూస్తోంది. అమ్మ లేదు దానికి. నువ్వూ లేకపోతే ఎలా రా?"

కారు మలుపు తిరగడం కనిపించింది. ఒకవైపు చక్రాలు జారాయి. గోడ పక్కనించి నిప్పు రవ్వలు లేచాయి. మాస్టారు "అమ్మో" అని కళ్ళు మూసుకున్నాడు. ఎలాగో తిన్నగా అయింది.

"దీన్ని ఒంటరిగా వదిలి ఎలా రాను అక్కా?" చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చేవాడు కదా... ఆ గొంతు.

ఇంకేం చెప్తాను పిన్నీ? వాడు రావాలి. అంతే. నోట్లోంచి అలా వచ్చేసింది.

"సరే, దాన్నీ తీసుకురా. ఇద్దరూ ఇంటికి వచ్చెయ్యండి."

రేడియోలో చప్పుడు ఆగిపోయింది. గరగర కూడా లేదు. ఆ చుట్టు చివర కారు నెమ్మదించింది. మెల్లగా, పెళ్ళి బండిలాగ, షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఇంజన్ ఇంకా నడుస్తోంది. వాడి చెయ్యి తాళం మీద ఉంది. నేను జాలీ మీద చెయ్యి వేసి, "నేనున్నా" అన్నాను.

తిప్పాడు. ఇంజన్ ఆగింది. వాన చప్పుడొక్కటే.

వెనక ఊపిరి ఆగిపోతుందని కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడుట.

ఆగలేదు.

బండోడు జాలీ విప్పి, బెల్టులు వదులు చెయ్యడానికి లోపలికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "అక్కా, ఇటు చూడు" అన్నాడు. టార్చి వేశాను.

సీట్లో అచ్చు లేదు.

వెనక్కి తిరిగి గోడ వైపు చూశాను. నాలుగూ అక్కడే ఉన్నాయి. నీలం, పసుపు, బండోడిది, మాస్టారిది. నాలుగూ పొడిగా, వరసగా. సీట్లో వాడి వెనక ఏమీ లేదు. కానీ వాడు సీటుకి ఆని లేడు. ముందుకి ఉన్నాడు. బెల్టులు వాడి భుజాల మీద బిర్రుగా బిగుసుకుని ఉన్నాయి, అయినా వాడి వీపుకీ సీటుకీ మధ్య ఖాళీ... ఒక సన్నటి మనిషి పట్టేంత ఖాళీ.

"ఎవరు కట్టారు బెల్టులు?" అన్నాను. మాస్టారు కట్టలేదు, బండోడు కట్టలేదు, నేను కట్టలేదు. అంతే.

బెల్టు విప్పుతుంటే తమ్ముడు బండోడి చెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా విప్పరా. నేను వెనక్కి పడితే దానికి నొప్పి."

అదీ సంగతి. ఇంటికొచ్చాం. కారుకి గుడ్డ కప్పేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు. అచ్చులు అటక మీద పెట్టేశాను. వాడు ఆనుకోడు, వెల్లకిలా పడుకోడు. పక్కకి తిరిగి, వీపు వెనక చోటు వదిలి పడుకుంటాడు. కానీ ఒక మాట చెప్పనా? ఇప్పుడు తింటున్నాడు. నవ్వుతున్నాడు. పాప కూడా, "నాన్న వచ్చేశాడు అత్తా" అంది. నాకు అది చాలు కదా? చాలు అనుకోవాలి కదా? రాత్రిళ్ళు వాడి గదిలోంచి గుసగుసలు వినిపిస్తే నేను దుప్పటి చెవుల మీదికి లాక్కుంటా, అంతే. వాడొక్కడే మాట్లాడుతున్నాడు కదా అనుకుంటా. నిన్నటిదాకా వాడి గొంతొక్కటే వినపడేది. నిన్న మాత్రం...

ఆఁ ఆఁ, వస్తున్నా, వస్తున్నా! పిన్నీ, ఉండు, పాలు పొంగిపోతున్నట్టున్నాయి, వంటింట్లోంచి పిలుస్తోంది, "వదినా, పాలు" అని...