సూరమ్మ బొమ్మ

"ఒరేయ్ చిట్టియ్యా, పొద్దుట్నుంచీ నా కుడికన్ను అదురుతోంది. ఇవాళ మనింటికి పోలీసు బంట్రోతులొస్తారు, చూస్కో!"

వాకిట్లోకి ఇంకా ఎవరూ రాలేదు. కళ్ళాపి చల్లుతూ వీరమ్మ ఆ మాట అప్పటికే చాలాసార్లు అంది. ఆమె కొడుకు చిట్టియ్య అరుగుమీద మేకతోలు పరిచి, ఉలితో బొమ్మకు కన్నాలు కొడుతున్నాడు. రాత్రికి పాలకొల్లు సంతలో తోలుబొమ్మలాట. రామాయణానికి ముందు కొత్త ఘట్టం ఆడిస్తానని ఊరంతా చాటించాడు. కిందటేడు ధాత నామ సంవత్సరపు కరువులో జనం బియ్యం పడవల మీద పడ్డ కథ అది.

"బొమ్మలాడించేవాణ్ణి ఎవరు పట్టుకుంటారే అమ్మా?"

"మీ పిన్ని సూరమ్మ కూడా అలాగే అనుకుని బియ్యం పడవల రేవుకెళ్ళింది. ఇప్పుడు రాజమండ్రి జైల్లో ఉంది."

కోడలు లోవలక్ష్మి నవ్వింది. "అత్తయ్యగారి కన్ను నిన్న కూడా అదిరిందండి. వచ్చింది మజ్జిగమ్ముకునే ఆవిడ!"

"నవ్వమ్మా, నవ్వు!" వీరమ్మ చెంబు కింద పెట్టి కొడుకు దగ్గరికొచ్చింది. "ఆడక తప్పదంటే ఆ జనానికి కోరలు పెట్టు. చూసినవాళ్ళు రాక్షసులనుకుంటారు. బియ్యం పంపిన షావుకారు సంతోషిస్తాడు, బంట్రోతులూ ఊరుకుంటారు."

చిట్టియ్య ఉలి ఆపాడు. "మన కాలవల్లో నీళ్ళున్నాయి, చేలు పండాయి. ఎక్కువ ధర వస్తుందని ఆ బియ్యాన్ని పడవలెక్కించి పై ఊళ్ళకి పంపేశారు. కోతలు కోసినవాళ్ళ పిల్లలేమో ఇక్కడ గంజి లేక ఏడ్చారు. ఆ సంగతి వదిలేసి జనానికి కోరలు పెడితే, అది నా ఆట కాదు, షావుకారు ఆట."

"నాకు నువ్వు కావాలిరా! ఆ న్యాయాలన్నీ నాకెందుకు?" అంది వీరమ్మ.

లోవలక్ష్మి లోపలికెళ్ళి, రంగులు ఆరిన, పిడికిలెత్తిన ఆడబొమ్మ ఒకటి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇది మా చిన్నత్తగారు. ఈవిడకీ కోరలు పెట్టించమంటారా, అత్తయ్యగారూ?"

వీరమ్మ బొమ్మను ఎండకేసి పట్టుకుంది. తోలులోంచి వెలుగు దూరి చెల్లెలి చెంపలు ఎర్రగా మెరిశాయి. చల్లిన కళ్ళాపి ఆరిపోయింది.

చివరికి వీరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కోరలొద్దు. కానీ ఆ పిడికిలేంట్రా? నా చెల్లెలు కొట్టడానికెళ్ళలేదు. బియ్యం అడగడానికెళ్ళింది. దాని చేతికి చేట ఇవ్వు."