పిల్లికి బిచ్చం పెట్టని యంత్రం

చంద్రుడి మీద గ్లాసు కిందపడడానికి చాలాసేపు పడుతుంది. హిమపురిలో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినది బూరెకే. పొద్దున్నే అలివేలు మంచం పక్కనున్న గ్లాసును పంజాతో అంచుదాకా నెట్టి, అది తీరిగ్గా నేలకు దిగుతున్నంతసేపూ ఆమె ముఖంలోకే చూసేది. లేచిందా, సరే. లేవకపోతే రెండో గ్లాసు.

బూరె అంటే పిల్లి. పేరుకు తగ్గట్టే బంగారు రంగు, గుండ్రటి ఒళ్ళు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు తవ్వి నీళ్ళు తీసే ఆ చిన్న ఊళ్ళో అదొక్కటే పిల్లి. అంత దూరంలో మనుషులకు పిచ్చెక్కకుండా ఒక పెంపుడు ప్రాణి ఉండాలని భూమ్మీది పెద్దలు ఆలోచించి, మొదటి జట్టుతోనే దాన్ని పంపారు. ఆలోచన మంచిదే. కాకపోతే ఆ జట్టంతా కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మనవాళ్ళకో అలవాటుంది. ఎదురుగా ఎవరైనా నోటివంక చూస్తూ కూర్చుంటే ముద్ద దిగదు. చూస్తుండగా పెట్టకుండా తింటే దిష్టి తగులుతుందని, కడుపునొప్పి వస్తుందని అమ్మలు చెప్పి పెంచారు. భూమినే వదిలి వచ్చినవాళ్ళు ఆ మాటను మాత్రం వదల్లేదు. గనిలో పని విడతలవారీగా సాగేది కనుక భోజనశాలలో ఎప్పుడూ ఎవరో ఒకరు తింటూనే ఉండేవారు. వాళ్ళ ఎదురుగా బూరె కూర్చునే ఉండేది. ఒకరు పెరుగన్నం, ఒకరు తొట్టిలో పెంచిన చేప ముక్క, ఇంకొకరు నెయ్యి అంటిన వేలు. ఎవరి లెక్కలో వాళ్ళు పెట్టింది ఒక్క ముద్దే. పెట్టకపోతే ఊరుకుంటుందా? కాళ్ళకు చుట్టుకుని, బల్లెక్కి, చెవినిల్లు కట్టుకుని పోరేది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మనుషులకంటే దానికే బాగా వంటబట్టింది.

అది ఎంత లావెక్కిందో ఎవరూ గమనించలేదు. చంద్రుడి మీద ఏ బరువైనా ఆరోవంతే కదా. ఎత్తుకున్నవాళ్ళందరూ, "బంగారుతల్లి, ఎంత తేలిగ్గా ఉందో పాపం" అని మరో ముద్ద పెట్టారు.

చివరికి ఊరి డాక్టరు నస్రీన్ ఒకరోజు అలివేలును తన గదికి పిలిచింది.

"అక్కా, చెప్పక తప్పడం లేదు. లివర్‌కి కొవ్వు పట్టేసింది. గుండె అలిసిపోతోంది. ఇలాగే తింటే బూరె ఈ ఏడాది దాటదు."

అలివేలు పోషణ రసాయన శాస్త్రవేత్త. ఊరందరి తిండికీ కొలతలు కట్టేది తనే. రోజూ తన పొట్టమీద పడుకునే ప్రాణి సంగతి మాత్రం తెలుసుకోలేకపోయింది. ఆ ఊళ్ళో ఆమె ఎవరి ముందైనా కళ్ళనీళ్ళు పెట్టుకుందంటే ఆ పిల్లి ముందే.

"అయితే పెట్టొద్దని అందరికీ చెప్పేద్దాం."

"చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు. మధ్యాహ్నం మీ కోదండం బావగారే చేప తలకాయ పెట్టారు."

కోదండం అలివేలు భర్త, ఊరికి పెద్ద వంటవాడు. ఆయనే అలా ఉంటే ఇక మిగతావాళ్ళను అనేదేముంది? మనుషులతో కాని పని యంత్రంతో చేయించాల్సిందేనని అలివేలు నిశ్చయించుకుంది.

అలా తయారైంది క్షుధామాపకం. చూడడానికి మెడపట్టీ. అందులోని సెన్సర్ చర్మంలోకి సన్నటి కాంతిని పంపి రక్తంలో చక్కెర ఎంతుందో చూస్తుంది. ఊపిరిలోని ఆవిర్లను పసిగట్టి, ఆకలి పుట్టించే హార్మోన్ ఎంత ఊరిందో లెక్కకడుతుంది. కడుపు ఆకలి వేరు, కంటి ఆకలి వేరు. ఆ తేడాను పట్టగలిగిన మొదటి పరికరం అదే. పట్టీ పంపే కబురును భోజనశాల గోడకున్న మితపాత్ర అందుకుంటుంది. అక్షయపాత్ర ఎంతమందికైనా పెడితే, ఇది అసలు ఆకలి ఉన్నప్పుడే, ఉన్నంతవరకే పెడుతుంది. దానికి ఆలోచన ఉంది, మాట ఉంది. ఎవరైనా బూరెవైపు ముద్ద చాచితే చాలు, "బూరెకు ఆకలి లేదు. చెయ్యి వెనక్కి తీసుకోండి" అని అందరికీ వినబడేలా చెప్పేది. ఆ మాటకు సిగ్గుపడి ఎంతటివాళ్ళైనా చెయ్యి ముడుచుకునేవారు.

"పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళ గురించి విన్నాను. ఇప్పుడు ఏకంగా యంత్రమే వచ్చిందన్నమాట" అన్నాడు కోదండం.

మొదట్లో బూరె ఆ గోడముందు చేరి చేసిన గోల అంతా ఇంతా కాదు. యంత్రం కరగలేదు. బూరె తెలివైనది, వీడు మనిషి కాడని త్వరగానే గ్రహించింది. అరవడం మానేసింది. గ్లాసులు నెట్టడం మానేసింది. ఆకుకూరలు పెంచే మళ్ళ దగ్గర వెచ్చటి దీపం కింద పడుకోసాగింది. ఒళ్ళు తగ్గింది. బల్లమీదికి మళ్ళీ ఒక్క గెంతులో ఎక్కగలిగింది. అలివేలు ప్రాణం కుదుటపడింది.

కానీ ఊరి ప్రాణం కుదుటపడలేదు. కంచాలు సగం నిండుగానే తిరిగి రాసాగాయి. కొందరు బూరె కూర్చునే ఖాళీ చోటు కనబడకుండా గోడవైపు తిరిగి తిన్నారు. కొందరు నాలుగు మెతుకులు కెలికి లేచారు. కోదండం బుగ్గలు లోపలికి పోయాయి.

"నీకేమైంది? అది నీవైపు చూడడం కూడా లేదు కదా, హాయిగా తినొచ్చుగా?" అంది అలివేలు.

"చూడడం లేదు. అదేనే బాధ" అన్నాడాయన.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె ప్రయోగశాల నుంచి వస్తుంటే భోజనశాలలో నవ్వులు వినిపించాయి. లోపలికి వెళ్ళి చూస్తే, కోదండం బూరె నోటికి ఏదో ముక్క అందిస్తున్నాడు. ఆయన వెనక ఇంకా నలుగురు చేతిలో ముక్కలతో నిలబడి ఉన్నారు. మితపాత్ర నోరు మెదపలేదు.

అలివేలు బూరెను ఎత్తుకుని నస్రీన్ గదికి పరుగెత్తింది. తూకం వేశారు. బరువు పెరగలేదు సరికదా, ఇంకా తగ్గింది. గుండె బాగుంది. నస్రీన్‌కూ ఏమీ అర్థం కాలేదు.

అలివేలు తిరిగొచ్చి, బూరెను బెంచీమీద దింపి, మితపాత్ర ముందు నిలబడింది.

"వాళ్ళకు ఆ ముక్కలు ఇచ్చింది నువ్వేనా?"

"నేనే, అలివేలు గారూ."

"నీకు జాలి నేర్పలేదే నేను."

"జాలి కాదండీ. వేగలేకపోయాను. ఒక్క ముక్క, ఒక్కటే ముక్క అంటూ వస్తారు. ఎంత చెప్పినా కదలరు. పొమ్మంటే పోయి, కాసేపటికే మళ్ళీ వస్తారు. గోల చేసే ప్రాణికి కడుపు ఆకలి ఉందో లేదో ముందు చూడమన్నారు మీరు. వాళ్ళ ఊపిరి చూశాను, ఆకలి లేదు. అందుకని ఉత్త ముక్కలు ఇచ్చి పంపాను. గడ్డిపీచును గాలితో పొంగించి, చేప వాసన పట్టించినవి. వాటిలో తిండి అన్నదే లేదు."

"మరి బూరెకు తెలియలేదా?"

"మొదటి ముక్కకే తెలిసింది. ఉమ్మేసింది. కోదండం గారు ఆ పూట కంచం ముట్టకుండా లేచిపోయారు. మర్నాటి నుంచి తింటోంది. ఆకలి సున్నా, రుచి సున్నా. అయినా ఎవరు పెట్టినా తింటోంది. అది తిన్నాక వాళ్ళు తింటున్నారు. ఎందుకు తింటోందో కొలిచే సాధనం మీరు నాకు పెట్టలేదు."

యంత్రం అంతటితో ఆగలేదు.

"ఆకలి లేకుండా తిండి కోసం వేధించే ప్రాణులు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. వాటిలో పిల్లి లేదు. ఈ సంగతి అందరికీ చెప్పమంటారా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎన్నాళ్ళకో కోదండం వేళ్ళు నాకుతూ మారు పెరుగు వేయించుకుంటున్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"వద్దు. అస్సలు చెప్పొద్దు."

తన కంచం తెచ్చుకుని కూర్చుంది. వేడి అన్నం, కందిపప్పు. ముద్ద కలిపింది. చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. బూరె దూరంగా బెంచీమీద నిద్రపోతోంది. అలివేలు కాసేపు అటు చూసి, ఇటు చూసి, లేచి మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది.

"ఒక్క ముక్క ఇవ్వు."

"అందులో ఏమీ లేదని మీకు తెలుసు."

"తెలుసు. ఇవ్వు."

"బూరె నిద్రపోతోంది."

"ఒక్కటే. మళ్ళీ అడగను."

యంత్రం ముక్కను బయటికి తోసింది. అలివేలు దాన్ని తీసుకెళ్ళి నిద్రపోతున్న పిల్లి ముక్కు దగ్గర పెట్టింది. "బూరీ, లేమ్మా. ఈ ఒక్కటీ తిని పడుకో." బూరె ముఖం అటు తిప్పుకుంది. అలివేలు బెంచీ చుట్టూ తిరిగి అటువైపుకు వచ్చింది. ముఖం ఇటు తిప్పుకుంది. ఈవిడా ఇటు వచ్చింది. చివరికి బూరె ఒక కన్ను తెరిచి, ఆమెను చాలాసేపు చూసి, నోరు తెరిచింది. కష్టపడి నమిలి, మింగి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అలివేలు వచ్చి కంచం ముందు కూర్చుని కడుపునిండా తింది.