పేరు చెప్పేదాకా కదలని ముసుగు

క్రిస్మస్ పండగ రోజులు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఆ చిన్న రేవుపల్లె మీద మంచు కురిసి కురిసి ఫీనా ఇంటి కిటికీలను సైతం కప్పేసింది. వీధి తలుపుకు అడ్డంగా మంచు గోడ. లోపల ఫీనా, అత్త కెజాయా, అడుగంటిన కట్టెలు. ఆ కట్టెల కోసమే ఫీనా మొగుడు అజరయా, మంచు మొదలవకముందు, గడ్డకట్టిన సముద్రపాయ దాటి వెళ్ళాడు.

“నిప్పురవ్వ పడి నీ నీలి లంగా అంచు కాలినా తలుపుకేసే చూస్తున్నావు! చూపులకు మంచు కరిగితే ఈపాటికి వాకిట్లో గడ్డి మొలిచేది,” అంది అత్త.

“మీరు మటుకు ఆ మేజోడు అల్లుతున్నారా, విప్పుతున్నారా అత్తయ్యా?”

అత్త నవ్వబోయింది. తలుపు చప్పుడైంది.

“ముసుగులకు... చోటుందా...?”

పండగకు ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరగడం అక్కడి ఆచారం. గొంతు ఆనవాలు చిక్కకుండా, ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. వచ్చినవాళ్ళను కాదనకూడదు. ఇంటివాళ్ళు పోల్చుకుని పేరు చెబితే ముసుగు తీసి వెళ్ళిపోతారు. చెప్పేదాకా కదలరు.

“ఇంత మంచులో ఎలా వచ్చార్రా?” అంటూనే, అలవాటు కొద్దీ, ఫీనా గడియ తీసేసింది.

ఇద్దరు. మొహాల మీద దిండు గలీబులు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. రమ్ము ఇస్తే ముట్టలేదు. ఉప్పునీటి వాసన. పొయ్యి పక్కన నిలబడ్డా ఒంటిమీది మంచు కరగడం లేదు...

పొడుగు మనిషి చేతి తొడుగుకు ఎర్ర ఊలు అతుకు. ఫీనా వేసిన అతుకే.

అత్త ఆమె మణికట్టు పట్టుకుంది. “పేరెత్తకే... ముసుగులోనే ఉండనీ వాణ్ణి.”

“అజరయా...”

గలీబు లేచింది. అతనే. కనురెప్పల మీద మంచు. నోట్లోంచి నీళ్ళు. ఒక్కసారి చూసి, తలుపు దాటాడు.

ఫీనా పరుగెత్తింది. ఎవరూ లేరు. ఎదురుగా మంచు గోడ... గీత కూడా పడలేదు.

చాలాసేపటికి అత్త ఏడుపు ఆగింది. పొయ్యిలో ఆఖరి కట్టె విరిగింది. పొట్టి ముసుగు ఇంకా అక్కడే నిలబడి ఉంది.

“మరి... అదెవరే? ఊళ్ళో అందరి బట్టలూ తెలుసుగా నీకు.”

ఫీనా చూసింది. నీలి లంగా. అంచున, కాలిన మచ్చ.

“తెలీదత్తయ్యా,” అని, తన లంగా అంచును మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది.