సున్నాకు అవతల

1992 ఆగస్టు. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ ఆటోస్టాండులో, పట్టపగలు, రఘురాం గొంతులో బుల్లెట్ దిగింది. మెటియాబ్రుజ్‌లో, నీళ్లు తోడేసి ఓడలను బాగుచేసే డ్రై డాక్ గేటును నడిపే కంట్రోలర్‌కు సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీరు అతడు. అంతకు కొద్దిసేపటి ముందే గూఢచారి శాఖకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు: "ల్యాబ్‌లోని పెట్టెకు పవర్ తీయనివ్వకండి."

చీఫ్ సత్యారావు ఆ ల్యాబ్ తాళంచెవిని బల్లమీద విసిరికొట్టాడు. శవం జేబులో దొరికింది అది.

"గేటుకు వచ్చే ప్రతి సందేశమూ ఆ పెట్టెకూ వస్తుంది; పవర్ పోతే అంతా చెరిగిపోతుంది. విదేశీ ముఠా ఏదో పంపింది. అదేమిటో తేల్చు. లోపల డోర్కాస్ ఉంది. రెండేళ్లుగా మన మనిషి. కోడ్, 'ఇలిశ చేప వచ్చిందా?' జవాబు, 'ముళ్లతో సహా.'"

ఏజెంట్ ప్రేమానందం తాళంచెవి అందుకున్నాడు. ఆ డాక్‌లో, ఓడ అడుగున రంగులు వేసే జట్టుకు మేస్త్రీ అతని బావమరిది సాల్మన్ రాజు. గేటు తెరుచుకుంటే హుగ్లీ నది వాళ్ల నెత్తిన పడుతుంది.

ఏసీ మెకానిక్ వేషంలో, చేత టిఫిన్ క్యారియర్‌తో అతడు ల్యాబ్ తలుపు తెరిచాడు. వెనుకనే, అతడెవరో ముందే తెలిసిన ల్యాబ్ డైరెక్టర్ జానకిరామ్, నల్లకళ్లద్దాల డోర్కాస్ లోపలికి వచ్చారు.

"ఇలిశ చేప వచ్చిందా?"

"ముళ్లతో సహా," అని ఆమె నవ్వింది. "ఏక్‌బాల్‌పూర్ చర్చిలో పక్కపక్కన పాడినోళ్లం. నన్ను కోడ్ అడుగుతావేటి?"

జానకిరామ్ పెట్టె మీది తెరను చూపించాడు. "చివరి సందేశం 'ఆల్ వెల్'. ఒక హత్యను పట్టుకుని నా సంస్థ పరువు తీయకండి."

"మనిషి చచ్చాడు! మీకు పరువు కావలసి వచ్చిందా?" అని ప్రేమానందం కసిరాడు.

టిఫిన్ అడుగు గిన్నెలో దాచిన బ్యాటరీని ప్రేమానందం పెట్టెకు తగిలించాడో లేదో, గదిలో కరెంటు పోయింది.

"లోడ్ షెడ్డింగ్," అని నిట్టూర్చి జానకిరామ్ అలవాటుగా కుర్చీలో వెనక్కి వాలాడు. "గంట పడుతుంది. టీ తెప్పిస్తాను."

ప్రేమానందం వరండాలోకి చూశాడు. అక్కడ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఈ ఒక్క గదికే లోడ్ షెడ్డింగా? కలకత్తాలో కరెంటు పోతే ఎవడూ కారణం అడగడని బాగా కనిపెట్టావు, డోర్కాస్!"

ఆమె చేయి ఇంకా మెయిన్ స్విచ్ మీదే ఉంది. రెండో చేతిలో పిస్టల్ లేచింది. మరుక్షణం ప్రేమానందం విసిరిన పప్పుచారు గిన్నె ఆమె మణికట్టును తాకింది. పిస్టల్ నేలరాలింది. బేడీలు పడ్డాయి.

"ఉన్నది 'ఆల్ వెల్' ఒక్కటే," అని ఆమె పళ్లు కొరికింది. "ఎతుక్కో!"

"పాత సందేశాన్ని కప్పెయ్యడానికి ఈ పెట్టెకు మాత్రం ఆ పొట్టి మాట పంపింది నువ్వే కదూ? తెరను నమ్మావు. అదే నీ తప్పు."

ఆ పెట్టెలో ప్రతి సందేశమూ మెమరీలో ఒకే చోట మొదలై, ఒక సున్నాతో ముగుస్తుంది. తెర ఆ సున్నా వరకే చూపుతుంది. పొడవైన సందేశం మీద పొట్టిది పడితే, పాతదాని తోక సున్నాకు అవతల అలాగే మిగిలిపోతుంది.

ప్రేమానందం తన పోర్టబుల్ కంప్యూటర్‌ను పెట్టెకు కలిపి మెమరీ మొత్తాన్ని తెరమీదికి రప్పించాడు. 'ఆల్ వెల్'. సున్నా. ఆ తరువాత: 'ఎట్ హై టైడ్ 4.30 ఇగ్నోర్ లాక్'. నది పోటు మీదుండే నాలుగున్నరకు, తాళాన్ని లెక్కచేయకుండా గేటు తెరవమని.

గోడ గడియారం నాలుగూ ఇరవై తొమ్మిది చూపుతున్నది. అతడు డాక్ గేటు కాపలాదారుకు ఫోన్ చేశాడు.

"మల్లేశూ! గేటు మోటారు తీగ నరికెయ్!"

"ఏటి సార్, పెద్దబాబు సంతకం లేకుండా సర్కారు తీగ నరికితే నా నౌకరీ ఉంటాదేటి?"

"సాల్మన్ రాజు ఓడ కిందున్నాడ్రా! నరుకు!"

"సాల్మన్ దాదా?"

రిసీవర్ బల్లమీద పడిన చప్పుడు. గొడ్డలి దెబ్బ.

"మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోనాది సార్," అన్నాడు మల్లేశు రొప్పుతూ. "గేటు కదల్లేదు. దాదా కింద నుంచి నన్నే తిడుతున్నాడు, లైట్లు పోనాయని."

ప్రేమానందం ఫోన్ పెట్టేశాడు.

జానకిరామ్ గొంతు సవరించుకున్నాడు. "మరి... ఢిల్లీకి నివేదిక ఏమని పంపమంటారు?"

"'ఆల్ వెల్' అని పంపండి," అన్నాడు ప్రేమానందం టిఫిన్ గిన్నెలు ఏరుకుంటూ. "మీరు చదివేది అంతవరకే కదా."