ఇస్త్రీ బల్ల కింద కవరు

తెల్లవారకముందే లాండ్రీలో ఉరుకులు పరుగులు మొదలయ్యాయి. అరవై తెల్లకోట్లు! సాయంత్రం నాలుగింటికి అవి తొడుక్కుని కాలేజీ బ్యాండు వీధుల్లో కవాతు చెయ్యాలి. అందులో పెద్ద డ్రమ్ము వాయించేది ఈ ఇంటి పిల్లే. ఇంట్లో దాని పేరు పిడుగు.

"నాన్నా, నా కోటు మడతగీత అందరికంటే పదునుగా రావాలి!"

"నీకో గీత, వాళ్లకో గీతా? నా బల్లమీద అందరూ ఒకటేనే," అని ఇస్త్రీ మాస్టారు నవ్వాడు. యాభై ఏడేళ్ల మాస్టారు తీసిన గీతకు వేలు తెగుతుందని వీధిలో వేళాకోళం.

వీధంతా పిన్ని అని పిలిచే ఆయన భార్య మాత్రం నవ్వలేదు. ఆవిడ చూపంతా ఆయన కాళ్లమీదే ఉంది. నాలుగు నెలలుగా ఇదే తంతు. పొద్దున్న రాయిలా నిలబడే మనిషి మధ్యాహ్నానికల్లా తూలతాడు. మాట ముద్దముద్దగా వస్తుంది. ఒక్క బొత్తాం రెండుగా కనిపిస్తోందంటాడు. పిన్ని తండ్రి తాగి తాగి పోయినవాడు. ఆ నడక ఆవిడకు చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. అందుకే అన్నానికి పిలిచే వంకతో రోజూ దగ్గరికెళ్లి ఆయన నోటి వాసన చూసేది. ఏ వాసనా రాకపోతే, ఎంత తెలివి మీరాడని ఇంకా మండిపడేది.

పదకొండింటికి నలభై కోట్లు అయ్యాయి. గదినిండా ఆవిరి. మాస్టారు ఒక్కసారి పక్కకు ఒరిగి బల్లను పట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె కోటుమీదే ఉండిపోయింది. కమురు వాసనకు పిన్ని పరుగెత్తి పెట్టె లాగేసేసరికే అరచేతంత గోధుమరంగు మచ్చ పడింది.

"ఇవాళ కూడానా! పిల్ల పండగలా ఎదురుచూసిన రోజు కూడా ఆగలేకపోయారా? ఎక్కడ దాచారు సీసా?"

"సీసా ఏంటే?"

"నాకు తెలీదనుకున్నారా!"

ఆయన వద్దంటున్నా వినకుండా బల్లమీది దుప్పటి ఎత్తేసింది, కింది అర లాగింది. పాత గుడ్డల అడుగున చేతికి తగిలింది సీసా కాదు, పెద్ద కవరు. దొంగ దొరికాడన్నంత ఆవేశంతో కూతురి చేతిలో పెట్టింది. "చదవవే, ఏం బాగోతమో!"

పిడుగు కవరులోని కాగితాలు తీసి చదివింది. "అమ్మా, ఇది తలకు తీసిన స్కానింగ్ రిపోర్టు, డాక్టరు రాసిన చీటీ. నాన్నకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అట. నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. ఈ వయసులో మొదలవడం అరుదని రాశారు. మందులు వాడాలి... ఒళ్లు వేడెక్కితే తూలడం, చూపు మసక ఎక్కువవుతాయి, చల్లబడితే తగ్గుతాయి. వేడికి దూరంగా ఉండాలి."

పిన్ని ఆయనవైపు తిరిగింది.

"మనం కోట్లు ఇస్త్రీ చేసిచ్చే డాక్టరమ్మే నా నడక చూసి స్కానింగుకి పంపించింది," అన్నాడు మాస్టారు తల దించుకుని. "మందులు వాడుతూనే ఉన్నాను. మీకు చెప్పలేదంతే."

"మిమ్మల్ని నేను తాగుబోతనుకుంటున్నానని తెలుసా మీకు?"

"తెలుసు. తాగుబోతంటే తిడతావు. జబ్బంటే ఇస్త్రీపెట్టె లాగేసుకుంటావు. తిట్లే నయమనిపించింది."

ఆ మాటకి పిన్నికి ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఇంకా ఇరవై కోట్లున్నాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన్ని గుమ్మం పక్కన గాలి తగిలేచోట కుర్చీలో కూర్చోబెట్టింది. చన్నీళ్లలో తడిపిన తువ్వాలు మెడకు చుట్టింది. కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టె అందుకుంది.

"భుజం ముందు! భుజం ముందు చెయ్యవే!" కుర్చీలోంచే కేక.

"అబ్బా, చేస్తున్నానుగా!"

పిడుగు నీళ్లు చల్లుతోంది, పిన్ని రుద్దుతోంది, మాస్టారు ఒళ్లో మడతలు పెడుతున్నాడు. అరగంటకు ఆయన మాట తేటపడింది. "ఇప్పుడు బొత్తాం ఒకటే కనిపిస్తోందే!" అన్నాడు చిన్నపిల్లాడిలా. పిన్ని పెట్టె ఆయన చేతికిచ్చింది. "రెండు కోట్లు. ఆ తరవాత కుర్చీ. రేపట్నుంచి తెల్లవారుజాము చల్లపూట మీది, ఎండపూట నాది. పెట్టె మాత్రం ఎవరూ లాక్కోరు."

మూడున్నరకి మచ్చపడ్డ కోటు తప్ప అన్నీ మెరుస్తున్నాయి. పిడుగు చటుక్కున దాన్నే తొడుక్కుంది. "నా ముందు డ్రమ్ముంటుందిగా, ఎవరికి కనిపిస్తుంది?" అంటూ తుర్రుమంది.

నాలుగింటికి దూరంగా బ్యాండు మోత వినిపించింది. పిన్ని కుర్చీ దగ్గరికి వచ్చి వంగింది. మాస్టారు అలవాటుగా నోరు తెరిచాడు. "చూసుకో."

పిన్ని వెక్కివెక్కి ఏడ్చింది. "నాలుగు నెలలు వాసనే చూశానండీ. ఏమైందండీ మీకని ఒక్కపూట అడగలేదు."

"అడుగు మరి ఇప్పుడు."

"ఏమైందండీ?"

"కాళ్లు తిమ్మిరి. భయం కూడా వేస్తోందే," అన్నాడు ఆయన, మొదటిసారి.

పిన్ని ఆయన చంకకింద భుజం ఆనించి లేపింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడే పెద్ద డ్రమ్ము మలుపు తిరిగి వాళ్ల వీధిలోకి వచ్చింది.